లంద నుంచి లేబరేటరీ దాకా: కర్నూలు, కడపల్లో ఒళ్లు కోసిన చేతులు, పుస్తకం రాసిన చేతులు

తంగేడు మెట్టనేలల చెట్టు. కర్నూలు, కడప జిల్లాల్లో (ఇక్కడ నేను చెప్పేది 2022కు ముందున్న ఉమ్మడి జిల్లాల సంగతి) డొంకల వెంబడి, గుట్టల వాలున, బీళ్లలో అది లేని చోటు అరుదు. గొడ్లు దాన్ని పెద్దగా ముట్టవు. వాన మొహం చాటేసిన ఏడు కూడా పచ్చగా నిలబడి పసుప్పచ్చగా పూస్తుంది. కవులకు ఆ పువ్వు కనబడింది. మాదిగవాడకు కనబడింది దాని చెక్క.

పచ్చితోలును మొదట సున్నపు నీళ్లలో నానేస్తారు. వెంట్రుకలు వదులవుతాయి, కొవ్వు విడుతుంది. గీకి శుభ్రం చేసి, తంగేడు చెక్క దంచి కలిపిన నీళ్లతో లందలో రోజుల తరబడి ఊరబెడతారు. కరక్కాయ కూడా వేస్తారు. చెక్కలో ఉన్న టానిన్ తోలులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తును పట్టి బిగిస్తుంది. ఇక ఆ తోలు కుళ్లదు. మెడికల్ కాలేజీలో శవాన్ని ఫార్మలిన్‌తో నిలవ ఉంచేది కూడా దాదాపు ఇదే సూత్రం మీద. కుళ్లిపోయే మాంసకృత్తుల్ని ముడివేసి కుళ్లకుండా ఆపడం. ఒకటి కంపు పని అయింది, ఇంకొకటి శాస్త్రమైంది. రెండు చోట్లా వాసన ముక్కు పగలగొట్టేదే.

ఆ తోలుతో కుట్టిన కపిల బానలే కరెంటు మోటార్లు రాకముందు సీమ బావుల నీళ్లు తోడాయి. మాదిగ ముడితే మైలపడే బావి మాదిగ కుట్టిన బాన దిగితే మైలపడలేదు. ఈ వింతను గురించి చాలామంది రాశారు. నేను చెప్పదలుచుకున్నది బానకు ముందు జరిగే పని గురించి, గొడ్డును కోయడం గురించి.

చచ్చిన గొడ్డును కోయడమంటే కత్తి పట్టుకుని పడి చీల్చడం కాదు. తోలు చిల్లుపడకూడదు, చిల్లుపడితే ధర పోతుంది. పొట్ట మధ్యగీత మీద కత్తి ఎంత లోతు దిగాలో తెలియాలి. చేదుకట్టు పగిలితే మాంసమంతా చేదు. పేగు తెగితే అంతా పాడు. కార్జం ఎక్కడ, గుండెకాయ ఎక్కడ, కీలు ఏ వైపు తిప్పితే విడుతుంది, చూడు గొడ్డయితే మాయ ఎట్లా అంటుకుని ఉంటుంది, ఇదంతా ఆ చేతికి తెలుసు. రోగం కూడా తెలుసు. దొమ్మతో చచ్చిన గొడ్డులో నెత్తురు నల్లగా ఉండి గడ్డకట్టదు, ప్లీహం ఉబ్బిపోయి ఉంటుంది. ఇది పశువైద్య పుస్తకంలోని వాక్యమే. కానీ పుస్తకం అక్కడే ఇంకో మాట కూడా చెప్తుంది: దొమ్మ అనుమానం ఉంటే ఆ గొడ్డును కోయవద్దు, గాలి తగిలితే ఆ క్రిమి గట్టి బీజాలుగా మారి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. కోయకుండా పూడ్చిపెట్టే వెసులుబాటు వెట్టిచాకిరీలో ఉన్నవాడికి ఎవరిచ్చారు? ఆ నెత్తురు తగిలి చేతుల మీద నల్ల పొక్కులు లేచినవాళ్లు ఆ విద్యకు ఫీజు తమ ఒంటితో కట్టారు.

అందుకని దీన్ని పొగిడి ముగ్గులో పెట్టే ఉద్దేశం నాకు లేదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ నాయకత్వాన జరిగిన సభ చచ్చిన గొడ్లను ఈడ్చవద్దనీ, ఆ మాంసం తినవద్దనీ చెప్పింది. ఆ మాట సరైనదే. మనవాళ్లలో కొందరు ఇప్పుడు ‘మా కులవృత్తి గొప్ప సైన్సు’ అని రాస్తున్నారు. సైన్సు సంగతి నిజమే. అది బలవంతాన చేయించిన పని అన్నదీ అంతే నిజం. ఒకటి చెప్పడానికి రెండోది దాచక్కర్లేదు.

పల్లెలో పశువు ఒళ్లు తెలిసినవాడు మాదిగయితే, మనిషి ఒళ్లు తెలిసిన మనిషి మంత్రసాని. చాలా ఊళ్లలో మాల, మాదిగ, మంగలి ఆడవాళ్లే ఆ పని చేశారు. కడుపు మీద చెయ్యివేసి బిడ్డ తల ఎటుందో చెప్పేవాళ్లు. బొడ్డు కోసి, మాయ పూర్తిగా పడిందా లేదా అని విప్పి చూసేవాళ్లు. లోపల ముక్క మిగిలితే తల్లి చస్తుందని వాళ్లకు తెలుసు. ఆ మాయను ముట్టుకున్నందుకే వాళ్లు మైల. పురుడు పోసినామె వాకిట్లో నిలబడే కూలి తీసుకునేది.

ఇదంతా ఒకవైపు. మరి దొరల వైద్యశాస్త్రం ఈ జిల్లాల మనుషుల ఒళ్లను ఎట్లా చూసింది?

1876-78 ధాత కరువు సీమను తుడిచిపెట్టింది. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో సుమారు 9 లక్షల మంది ఉంటే 1881 లెక్కల్లో 7 లక్షల లోపుకు పడిపోయారు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికీ కొంత చిల్లరకూ తగ్గించాడు. అంటే అర కిలో కూడా లేదు. రాళ్లు కొట్టే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. మనిషి ఎంత తక్కువ తిండితో బతికి పని చేయగలడు అనే ప్రయోగం ఎలుకల మీద కాదు, కరువు పనిలో చేరిన కూలీల మీద జరిగింది. భూమి లేనివాళ్లు, గింజ దాచుకోలేనివాళ్లు, ఊరి బయటివాళ్లే మొదట ఆ పనుల్లో చేరారు. మొదట చచ్చిందీ వాళ్లే.

సీమ నుంచి, పక్క జిల్లాల నుంచి జనం మద్రాసుకు నడిచారు. అక్కడి సహాయ శిబిరాల్లో చచ్చినవాళ్ల శవాలను అలెగ్జాండర్ పోర్టర్ అనే డాక్టరు కోసి పరీక్షించి, 1889లో మద్రాసు కరువు రోగాల మీద ఒక పుస్తకం వేశాడు. ఆకలి మనిషి లోపల ఏం చేస్తుందో అవయవాల వారీగా చెప్పిన తొలి పెద్ద రచనల్లో అదొకటి. పోర్టర్ కాలానికి హార్మోను అన్న మాటే లేదు, అది 1905లో వచ్చింది. ఇవాళ్టి శాస్త్రం ఆ శవాల స్థితిని వివరించగలదు: తిండి ఆగితే ఇన్సులిన్ పడిపోతుంది, గ్లూకగాన్, కార్టిసాల్ పెరుగుతాయి, ఒళ్లు ముందు కొవ్వునూ తర్వాత తన కండనూ తానే తింటుంది. చివరికి పేగు గోడలు పల్చబడతాయి, తిండి పెట్టినా ఇముడ్చుకోలేదు. అందుకే గంజి కేంద్రం దాకా ప్రాణంతో చేరినవాళ్లు గంజి తాగాక కూడా చచ్చారు. ఆ కరువులోనే గొడ్లు కుప్పకూలి మద్రాసు రేవు నుంచి తోళ్ల ఎగుమతి పెరిగింది. గొడ్డు తోలు ఓడెక్కింది. మనిషి ఒళ్లు పుస్తకంలోకి ఎక్కింది.

చచ్చినవాళ్ల తర్వాత బతికున్నవాళ్ల వంతు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ మద్రాసు మెడికల్ కాలేజీలో అనాటమీ పాఠాలు కూడా చెప్పినవాడు. కులాల వారీగా మనుషుల తలలు, ముక్కులు కొలిచాడు. కె. రంగాచారి తోడుగా 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. నల్లమల చెంచులూ, మాదిగలూ అందులో ఉన్నారు. ముక్కు వెడల్పును బట్టి జాతి, జాతిని బట్టి కులం అనేది ఆనాటి దొరల అనాటమీ. దానికి జవాబు 1948లో వచ్చింది. ‘అంటరానివాళ్లు’ పుస్తకంలో అంబేద్కర్ ఆ ముక్కు కొలతల్నే చేతపట్టి, బ్రాహ్మడూ అంటరానివాడూ ఒకే జాతి అని ఆ లెక్కలతోనే తేల్చాడు. వాళ్ల కొలబద్దతోనే వాళ్ల సిద్ధాంతాన్ని కొట్టిన తీరు మన విద్యార్థులు ఒకసారి ఓపిగ్గా చదవాలి.

ఇక 1951. ఈ ఏడాదిని నేను పదేపదే చూస్తుంటాను. అప్పటికి కర్నూలు, కడప మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. అక్కడి కమ్యూనల్ జీవో ప్రకారం కాలేజీ సీట్లను పద్నాలుగేసి చొప్పున పంచేవాళ్లు. అందులో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. మెడికల్ సీటు విషయంలో చంపకం దొరైరాజన్ వేసిన కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. జూన్‌లో రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి 15(4) చేరింది కాబట్టి సరిపోయింది, లేకుంటే ఆ రెండు సీట్లూ గల్లంతే. అదే 1951లో మద్రాసు రాష్ట్రం అనాటమీ చట్టం కూడా చేసింది. దిక్కులేని శవాలను వైద్య విద్య కోసం కాలేజీలకు ఇవ్వడానికి అది దారి చూపింది. 1832లో ఇంగ్లాండు చేసిన చట్టం నుంచి వచ్చిన ఆలోచన ఇది. అక్కడా అనాథ పేదల శవాలే కోత బల్ల మీదికి వచ్చాయి.

ఒకే ఏడాది ఒక ప్రశ్న కోర్టుకెక్కింది, ఇంకొకటి ఎక్కలేదు. కోత బల్ల పక్కన విద్యార్థిగా నిలబడే హక్కు ఎవరిదని దేశమంతా వాదించింది. బల్ల మీద పడుకునేది ఎవరని అడిగినవాళ్లు లేరు. ‘దిక్కులేని శవం’ అంటే వలసపోయిన కూలి, బస్టాండులో చచ్చిన ముసలి, ఆస్పత్రి బిల్లుకూ బండి కిరాయికీ డబ్బుల్లేక బంధువులు రాలేకపోయిన మనిషి. 1957లో కర్నూలులో మెడికల్ కాలేజీ వచ్చింది. సీమలో డాక్టర్లు తయారయ్యారు, దళిత డాక్టర్లూ తయారయ్యారు, అది చిన్న విషయం కాదు. ఇప్పుడు ఇష్టపూర్వకంగా దేహదానం చేసేవాళ్లు పెరిగారు, వాళ్లకు దండం. కానీ శవాగారంలో పుర్రె తెరిచేది, పొట్ట కుట్టేది చాలాచోట్ల కింది తరగతి ఉద్యోగే. డాక్టరు పక్కన నిలబడి చెప్తుంటాడు, రిపోర్టు మీద సంతకం పెడతాడు. 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసినప్పుడు అది పెద్ద సంస్కరణ అని చరిత్ర రాసుకుంది. నిజమే, ఆయనకది ధైర్యం. తరతరాలుగా కోస్తున్నవాళ్లకు మాత్రం ఆ చరిత్రలో ఒక వాక్యం కూడా దక్కలేదు.

ఇప్పుడు హార్మోన్ల దగ్గరికి వద్దాం. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, తర్వాత కబేళా నుంచి తెచ్చిన గొడ్ల క్లోమాల నుంచి ఇన్సులిన్ తీశారు. కాలిప్ దాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఇచ్చారు. 1982లో బాక్టీరియా సాయంతో తయారుచేసిన మానవ ఇన్సులిన్ బజారుకొచ్చేదాకా అరవై ఏళ్లు లోకంలోని చక్కెర రోగులు బతికింది ఆవు, పంది క్లోమాల మీదే. మన దేశంలో ఆ తర్వాత కూడా చాలాకాలం గొడ్డు ఇన్సులినే చవక, దాన్నే వాడారు. మనిషి ఇన్సులిన్‌కూ ఆవు ఇన్సులిన్‌కూ తేడా మూడంటే మూడు అమైనో ఆమ్లాలు. గొడ్డుమాంసం తిన్నవాణ్ణి ఊరి బయట పెట్టిన ఇళ్లు గొడ్డు క్లోమంలో తీసిన మందును ఫ్రిజ్‌లో పెట్టుకున్నాయి. తప్పని నేననను, ప్రాణం కదా. ఆ మందు ఎక్కణ్ణించి వచ్చిందో ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదంతే.

చక్కెర జబ్బు పేరు చెప్పగానే మన సీమ మొక్కలు లేబరేటరీకి వెళ్లాయి. నాకు వీటిలో అన్నిటికన్నా దగ్గరైంది కాసరకాయ. కోవెలకుంట్ల, నంద్యాల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడిలో వానలు పడగానే భూమిలోని దుంప నుంచి తీగ లేస్తుంది. ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పెట్టరు. కలుపుకు పోయిన కూలి ఆడవాళ్లు కొంగులో ఏరుకొచ్చి, కారం వేసి వేయించి, జొన్నరొట్టెలోకి పెట్టేవాళ్లు. రైతుకు అది కలుపు. కూలింటికి అది కూర. చేదుగా ఉంటుంది, తిన్నవాళ్లకు తెలుసు.

1999లో కామేశ్వరరావు, కేశవులు, గిరి, అప్పారావు అనే పరిశోధకులు ఈ కాయ పొడిని చక్కెర జబ్బు తెప్పించిన ఎలుకలకు పెట్టి చూశారు. ఇటువంటి ప్రయోగాల పద్ధతి ఏమంటే, అలోక్సాన్ అనే రసాయనం ఎక్కిస్తే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు చస్తాయి, నెత్తురులో చక్కెర పెరుగుతుంది. అట్లాంటి ఎలుకల్లో కాసరకాయ పొడి చక్కెరనూ కొవ్వులనూ తగ్గించింది. మామూలు ఎలుకల్లో చక్కెర తగ్గలేదు. ఆ బృందంవాళ్లే 2001లో ఎర్రచందనం బెరడు మీదా, 2003లో శేషాచలం కొండల తెల్లకరక్కాయ మీదా పనిచేశారు. దాదాపు అప్పుడే చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయంవాళ్లు మన తంగేడు పూల సారాన్ని ఎలుకలకు 30 రోజులు ఇచ్చి చక్కెర తగ్గిందని రాశారు. ఏగిస చెక్క మీదయితే భారత వైద్య పరిశోధన మండలి 1998లో మనుషుల మీదే ఫలితాలు ప్రకటించింది. 97 మందిలో 67 మందికి 12 వారాల్లో చక్కెర అదుపులోకి వచ్చిందంది.

వీటిని చదివి సంబరపడే ముందు ఒక హెచ్చరిక. ఎలుకకు పనిచేసింది మనిషికి పనిచేస్తుందని కాదు. ఏగిస మీద జరిగిన పరిశీలనలో కూడా పోల్చి చూడటానికి మందివ్వని గుంపు లేదు. ఇన్సులిన్ సూది మానేసి కాసరకాయ తినమని ఊళ్లలో చెప్పేవాడు మనవాడయినా సరే, వాణ్ణి ఆపాలి. పేదల ఒంటి మీద నమ్మకాల ప్రయోగాలు కూడా ప్రయోగాలే.

కాసరకాయకు రెండో కథ ఉంది. దాని దుంపను గర్భం పోగొట్టుకోవడానికి వాడే అలవాటు పల్లె ఆడవాళ్లలో ఉంది. 2007లో ఒక పరిశోధక బృందం ఆ వేరు సారాన్ని ఆడ ఎలుకలకు ఇచ్చి, పిండం గర్భసంచికి అంటుకోకుండా ఆపుతోందని చూపింది. పిండం అంటుకోవాలంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు ఒక లెక్కలో ఉండాలి. ఆ లెక్క తప్పితే గర్భసంచి పొర దాన్ని పట్టుకోదు. పరిశోధన పత్రంలో మొదటి పేరాలో ‘సంప్రదాయంగా వాడుతున్నారు’ అని ఒక్క మాట రాస్తారు. ఎవరు వాడారు? దొర చేలో, దొర కొట్టంలో ఏం జరిగితే వాడారు? ఆ దుంప ఎక్కువై ఎందరు చచ్చారు? 1971లో గర్భస్రావ చట్టం వచ్చేదాకా ఆస్పత్రిలో అడిగే దారే లేని ఆడవాళ్లకు ఆ దుంప గతి. అది ‘సంప్రదాయం’ కాదు, అవసరం. మంత్రసానికి తెలిసిన కొలత ఎక్కడా రాసి లేదు.

హార్మోన్ల ప్రయోగం ఎలుకల దగ్గర ఆగలేదు. సీమ దాటి ఒక సంగతి చెప్పాలి. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోను సూదిని గర్భనిరోధకంగా పేద ఆడవాళ్లకు ఇవ్వబోయారు. అది ప్రయోగమని ఆ ఆడవాళ్లకు సరిగా చెప్పలేదు. హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనవాళ్లు వెళ్లి విషయం చెప్పగానే చాలామంది లేచి వెళ్లిపోయారు. 1986లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కరువు కూలి పౌను ధాన్యానికీ ఈ సూదికీ మధ్య నూరేళ్లకు పైగా గడిచాయి. ఎవరి ఒంటి మీద చూద్దాం అన్న లెక్క మారలేదు.

పేర్ల సంగతి చూడండి. కడప కొండల్లో మాత్రమే ఎక్కువగా దొరికే పేరిత మొక్కకు 1883లో శాస్త్రనామం పెట్టినప్పుడు అటవీ అధికారి బెడ్డోమ్ పేరు తగిలించారు. 1995లో వెంకటరాజు, పుల్లయ్య కర్నూలు జిల్లా మొక్కల మీద మంచి పుస్తకం తెచ్చారు. అట్లాంటి పనికి కొండెక్కేటప్పుడు దారి చూపేది, మొక్కను చూపి ఇది ఫలానా అనేది చెంచో, యానాదో, గొర్రెల కాపరో. శాస్త్రంలో మొక్కకు లాటిన్ పేరుంటుంది, స్థానిక నామం ఉంటుంది, సేకరించినవాడి పేరుంటుంది. చెప్పినవాడి పేరుకు గడి లేదు.

ఈ గడి ఇప్పుడు డబ్బు విషయం కూడా. 2002 జీవవైవిధ్య చట్టం మొక్కల మీదా, వాటి జ్ఞానం మీదా వచ్చే లాభంలో స్థానికులకు వాటా ఉండాలంది. 2023లో దాన్ని సవరించి, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడేవాళ్లకు ఆ వాటా బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. గ్రంథస్థం అంటే ఏది? చరకం, సుశ్రుతం, వాటి వ్యాఖ్యానాలు, యునానీ, సిద్ధ గ్రంథాలు. కరక్కాయా, తంగేడూ, ఏగిసా అన్నీ వాటిలో ఉన్నాయి. చదువు నిషేధించిన కులాల నోటి జ్ఞానం గ్రంథంలో ఎట్లా ఉంటుంది? కంపెనీ ‘మేం గ్రంథం నుంచి తీసుకున్నాం’ అంటే వాటా లేదు. గ్రంథంలోకి అది ఎవరి చేతుల్లోంచి వెళ్లిందో అడిగే దారి చట్టంలో లేదు.

2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో, ఆగస్టులో మన అమలాపురంలో, చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితులను కట్టేసి కొట్టారు. అమలాపురంలో ఆ ఆవు కరెంటు తగిలి చచ్చిందే. అంతకు రెండేళ్ల ముందే, 2014లో, తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది.

ఆ 2002 చట్టం కిందే ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఆ రిజిస్టరులో పశువులకూ మనుషులకూ నాటుమందు ఇచ్చేవాళ్ల వివరాలు రాసే పేజీ ఉంటుంది. చాలా ఊళ్లలో ఆ రిజిస్టరును ఎవరో కాంట్రాక్టు తీసుకుని, పక్క మండలానిది చూసి నింపారన్న మాట వినబడుతోంది. పిల్లలు సెలవులకు ఇంటికి పోయినప్పుడు పంచాయతీ ఆఫీసులో అడిగి ఆ పేజీ తీయించి చూడండి. పశువుల డాక్టరు రాకముందు మీ ఊళ్లో ఈత ఆగిన ఆవు కడుపులో చెయ్యిపెట్టి దూడను తిప్పింది ఎవరు, మీ అవ్వకు పురుడు పోసింది ఎవరు, ఇంట్లో అడగండి. ఆ పేర్లు అక్కడ లేకపోతే అర్జీ మీద రాసి ఇచ్చి, రశీదు తీసుకోండి.